టూల్, ఇన్‌స్ట్రుమెంట్, ఎక్విప్‌మెంట్, అపరేటస్, డివైస్: అన్నిటికీ ‘పరికరం’ సరిపోతుందా?

తర్జుమా (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. వృత్తి శిక్షణ పొందే విద్యార్థుల కోసం వర్క్‌షాపు నియమాల పుస్తకం ఒకదాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగు చేస్తున్నాను. ఇరవై పేజీలు దాటాక ఒక సంగతి గమనించి పని ఆపవలసి వచ్చింది. మూలంలో టూల్, ఇన్‌స్ట్రుమెంట్, ఎక్విప్‌మెంట్, అపరేటస్, అప్లయన్స్, డివైస్ అనే ఆరు మాటలు వేర్వేరు చోట్ల వస్తే, నేను ఆరింటికీ ‘పరికరం’ అనే రాసుకుంటూ పోయాను. మొదటి మూడూ ఒకే వాక్యంలో వచ్చినప్పుడు గాని నా పొరపాటు నాకు తెలియలేదు. పని ముగిశాక టూల్స్‌నూ ఇన్‌స్ట్రుమెంట్స్‌నూ స్టోరులో అప్పగించాలనీ, ఎక్విప్‌మెంట్‌ను ఆపి శుభ్రం చేయాలనీ ఆ వాక్యం చెబుతోంది. నా తెలుగులో అది ‘పరికరాలను, పరికరాలను అప్పగించి, పరికరాలను ఆపి శుభ్రం చేయాలి’ అని తయారైంది.

నిఘంటువులు తిరగేస్తే ప్రతి మాటకూ సాధనం, ఉపకరణం, పరికరం, పనిముట్టు అని నాలుగూ కలిపి ఇస్తున్నాయి. ఇంగ్లీషులో వీటి మధ్య నిజమైన భేదం ఉన్నదా, ఉంటే అది దేనిని బట్టి ఏర్పడింది, తెలుగులో దాన్ని నిలబెట్టగలమా అన్నవి నా ప్రశ్నలు. పుస్తకాల నిర్వచనాలకన్నా ఆ వస్తువులతో రోజూ పనిచేసేవారి మాట వినాలని ఇక్కడ అడుగుతున్నాను.

ఆకురాయి

తర్జుమా గారూ, నేను ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు బోధిస్తాను. మీ వాక్యం మా స్టోరు గదిని చూసి రాసినట్టే ఉంది. శిక్షణలో చేరిన వారానికే ప్రతి విద్యార్థికీ సుత్తి, ఆకురాయి, ఉలి, రంపం, పంచ్ ఇస్తాము. ఇవి టూల్స్. వెర్నియర్ కాలిపర్, మైక్రోమీటర్ మాత్రం తాళం వేసిన బీరువాలో ఉంటాయి, సంతకం పెట్టించుకుని ఇస్తాము, సాయంత్రం చూసి తీసుకుంటాము. ఇవి ఇన్‌స్ట్రుమెంట్స్. టూల్ ఇనుమును మారుస్తుంది, ఇన్‌స్ట్రుమెంట్ ఆ ఇనుము ఎంత మారిందో చెబుతుంది. సుత్తి కిందపడితే తీసి మళ్లీ కొట్టుకోవచ్చు. మిల్లీమీటరులో నూరో వంతు చదివే మైక్రోమీటర్ కిందపడితే దాని సున్నా సరిగా ఉందో లేదో పరీక్షించేదాకా అది చెప్పే కొలతను నమ్మకూడదు. అందుకే రెండింటికీ వేర్వేరు రిజిస్టర్లు పెట్టాము.

ఎక్విప్‌మెంట్ అంటే గ్రైండరు, వెల్డింగ్ సెట్టు, కంప్రెసరు, మంటలార్పే సిలిండరు వంటివి. ఇవి ఏ ఒక్క విద్యార్థి చేతికీ ఇచ్చేవి కావు, షెడ్డుకు చెందినవి. షెడ్డును పనికి సిద్ధంగా ఉంచే మొత్తం సరంజామా అన్నమాట.

ఒక చిక్కు గురించి ముందే చెబుతాను. లేత్‌ను మా పుస్తకాలు మెషిన్ టూల్ అంటాయి. దానికి బిగించి లోహాన్ని చెక్కే చిన్న ముక్కను కటింగ్ టూల్ అంటాయి. టన్ను బరువుండే యంత్రమూ టూలే, అరచేతిలో ఇమిడే ముక్కా టూలే. 1953లో బెంగళూరులో మొదలై, తర్వాత హైదరాబాదులోనూ కర్మాగారం నడిపిన హెచ్‌ఎంటీ పూర్తి పేరు హిందుస్థాన్ మెషిన్ టూల్స్. చేతి గడియారాల వల్ల ఆ పేరు ఇంటింటికీ తెలిసింది గాని, ఆ సంస్థ పుట్టింది లేత్‌లు, మిల్లింగ్ యంత్రాలు చేయడానికి. పరిమాణం వేరైనా రెండు టూల్సూ లోహాన్ని మలిచేవే కాబట్టి నేను చెప్పిన భేదం అక్కడా నిలుస్తుంది.

తెల్లకోటు

ఆకురాయి గారి వివరణ వర్క్‌షాపు వరకు చక్కగా ఉంది. ఆపరేషన్ థియేటరులో పనిచేసే నర్సుగా నాకు ఒక అభ్యంతరం ఉంది. మా దగ్గర కోసే కత్తి, పట్టుకునే ఫోర్సెప్స్, కుట్టే సూదిని బిగించే నీడిల్ హోల్డర్, అన్నీ ఇన్‌స్ట్రుమెంట్సే. అవి ఏదీ కొలవవు, శరీరాన్ని కోస్తాయి, కుడతాయి. ఎముకల ఆపరేషన్ ట్రే తెరిస్తే సుత్తి, ఉలి, రంపం, డ్రిల్లు కనబడతాయి. వడ్రంగి సంచిలో ఉండేవీ అవే. అక్కడ టూల్స్ అయినవి ఇక్కడ ఇన్‌స్ట్రుమెంట్స్ ఎందుకయ్యాయి?

ఎక్విప్‌మెంట్ విషయంలో మాత్రం మాకు తిరుగులేని గుర్తు ఒకటి ఉంది. ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్ లోపల పెట్టేవి ఇన్‌స్ట్రుమెంట్స్, ఆటోక్లేవ్ ఎక్విప్‌మెంట్. పొట్ట మూసేముందు మేము లెక్కపెట్టేవి ఇన్‌స్ట్రుమెంట్స్. పైన వెలిగే దీపం, రోగి పడుకునే బల్ల, మత్తు యంత్రం ఎక్విప్‌మెంట్. వాటిని ఎవరూ లెక్కపెట్టరు.

ఈ తేడా తెలుగులో పోవడం వల్ల కలిగిన ఇబ్బందిని నేను స్వయంగా చూశాను. ఒక ఆస్పత్రిలో కొనుగోలు జాబితాను తెలుగులోకి మార్చినప్పుడు రెండు పద్దులకూ ‘శస్త్రచికిత్స పరికరాలు’ అన్న ఒకే పేరు పెట్టారు. కత్తెరల పద్దు కింద రావలసిన ధరలు బల్లలు, దీపాల పద్దు కింద వచ్చాయి. ఆ కాగితాలన్నీ వెనక్కి పంపి మళ్లీ తెప్పించుకునేసరికి మాకు అవసరమైన ఫోర్సెప్స్ వారాల తరబడి ఆలస్యమయ్యాయి. అందుకే ఈ చర్చ చూడగానే రాయాలనిపించింది.

కరణకారకం

తెల్లకోటు గారు లేవనెత్తిన ప్రశ్న మన శాస్త్రాల్లో చాలా పాతది. సుశ్రుత సంహిత వైద్యుడి చేతి సాధనాలను రెండుగా విడదీసింది. మొద్దుగా ఉండి పట్టుకోవడానికి, లాగడానికి, చూడటానికి పనికివచ్చేవి యంత్రాలు, అవి 101. పదునుగా ఉండి కోయడానికి, గుచ్చడానికి పనికివచ్చేవి శస్త్రాలు, అవి 20. ‘శస్త్రచికిత్స’ అనే మాటలోని శస్త్రం ఇదే. యంత్రాలన్నిటిలోకీ ప్రధానమైనది వైద్యుడి చెయ్యే అని కూడా అక్కడే చెప్పారు. అంటే ఇంగ్లీషు ఒక్క ఇన్‌స్ట్రుమెంట్‌తో సరిపెట్టుకున్న చోట మన పూర్వులకు రెండు మాటలు ఉండేవి. ఈనాడు యంత్రం అంటే మోటారుతో తిరిగేదన్న అర్థం స్థిరపడింది గనుక ఆ విభజనను యథాతథంగా తెచ్చుకోలేము.

ఇక మాటల పుట్టుక చూద్దాం. ఎక్విప్‌మెంట్‌కు మూలమైన ఫ్రెంచి క్రియకు ఓడను ప్రయాణానికి సిద్ధం చేయడమని పాత అర్థం. అపరేటస్ లాటిన్‌లో ‘సిద్ధపరచడం’ నుంచి వచ్చింది. ఈ రెండింటిలోనూ ఉన్నది ‘ముందుగా సమకూర్చి ఉంచినది’ అన్న భావం, ఒక్క వస్తువు కాదు. సంస్కృతంలో ‘పరికరం’ కూడా మొదట అటువంటిదే. చుట్టూ ఉండే పరివారానికీ, నడుముకు బిగించే కట్టుకూ అది పేరు. నడుము బిగించి పనికి సిద్ధమైనవాణ్ణి ‘బద్ధపరికరుడు’ అనడం అందువల్లనే. మనం ఆ సమూహార్థాన్ని మరచి ఒక్కొక్క వస్తువునూ పరికరం అనడం మొదలుపెట్టాము, అందుకే ‘సామగ్రి’ అనే మరో మాట అవసరమైంది.

ఇన్‌స్ట్రుమెంట్‌కు వ్యాకరణంలో మనకు సరిసమానమైన మాట ఉంది, అది ‘కరణం’. ‘సాధకతమం కరణమ్’ అన్నాడు పాణిని. క్రియ నెరవేరడానికి అన్నిటికన్నా ఎక్కువగా తోడ్పడేదే కరణమని దాని భావం. ‘కత్తితో కోశాడు’ అన్నప్పుడు ఆ ‘తో’ చెప్పేది ఈ సంబంధాన్నే. వస్తువు ఏమిటన్నది దానికి పట్టదు, ఆ క్షణంలో ఏ పనికి ఎంత దగ్గరగా ఉందన్నదే పట్టింపు. సుత్తి వడ్రంగి దగ్గర ఒక పేరుతో, ఎముకల వైద్యుడి దగ్గర మరో పేరుతో ఉండటానికి కారణం అందులో దొరుకుతుందని నా అభిప్రాయం.

గోదారిగట్టు

వృత్తిరీత్యా న్యాయవాదిని. చట్టాల్లో ఈ మాటలు ఎక్కడెక్కడ వచ్చాయో చెబితే తర్జుమా గారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ బాకీదారు ఆస్తిలో దేన్ని జప్తు చేయకూడదో చెబుతుంది. అందులో వంటపాత్రలు వేరుగా ఉన్నాయి. చేతివృత్తులవారి టూల్స్ వేరుగా ఉన్నాయి. బాకీదారు రైతు అయితే అతని సేద్యపు ఇంప్లిమెంట్స్, బతుకుతెరువుకు అవసరమని కోర్టు భావించిన పశువులు, విత్తనాలు వేరుగా ఉన్నాయి. కమ్మరి సుత్తికి ఒక మాట, రైతు నాగలికి మరో మాట. ఆ చట్టం రాసినవారికి ఇవి వేర్వేరు మాటలని స్పష్టంగా తెలుసు.

1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 43వ సెక్షన్ ‘ప్లాంట్’ అనే మాటను వివరిస్తూ సైంటిఫిక్ అపరేటస్‌నూ సర్జికల్ ఎక్విప్‌మెంట్‌నూ ఒకే వరుసలో పక్కపక్కన చేర్చింది. దాన్ని ‘శాస్త్రీయ పరికరాలు, శస్త్రచికిత్స పరికరాలు’ అని అనువదిస్తే తప్పని ఎవరూ అనరు గాని, రెండు మాటలు ఒకటైపోతాయి.

నేర చట్టంలో ఇన్‌స్ట్రుమెంట్ అర్థం మరో దారి పట్టింది. ఐపీసీ 324 స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 118వ సెక్షన్ కాల్చడానికో, పొడవడానికో, కోయడానికో వాడిన ఏ ఇన్‌స్ట్రుమెంట్‌తోనైనా గాయపరచడాన్ని గురించి చెబుతుంది. అక్కడ కొడవలి అయినా ఇన్‌స్ట్రుమెంటే. దాన్ని పరికరం అంటే చదివేవాడికి నేరం కనబడదు, ఆయుధం అనాలి. ఇక 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో ఆ మాటకు చెక్కు, ప్రోనోటు, బిల్లు అని అర్థం. అక్కడ ‘పత్రం’ తప్ప మరో మాట నప్పదు. కాగితం ఇన్‌స్ట్రుమెంట్ ఎలా అయిందని అడిగేవారికి కరణకారకం గారు చెప్పిన సూత్రమే సమాధానం, ఎందుకంటే హక్కు ఒకరి నుంచి ఒకరికి బదిలీ అయ్యేది ఆ కాగితంతోనే.

నాగేటిచాలు

వ్యవసాయ శాఖలో పనిచేసి విరమణ పొందినవాడిని. గోదారిగట్టు గారు సేద్యపు ఇంప్లిమెంట్స్ గురించి చెప్పడం సంతోషం కలిగించింది. నాగలి, గొర్రు, గుంటక, దంతె వంటివన్నీ ఇంప్లిమెంట్సే. పార, కొడవలి వంటి చేతివాటు వస్తువులను టూల్స్ అన్నా ఇంప్లిమెంట్స్ అన్నా ఎవరూ తప్పు పట్టరు. ఈ రోజుల్లో ట్రాక్టరు వెనక తగిలించే కల్టివేటరు, రోటావేటరు కూడా ఇంప్లిమెంట్సే. ట్రాక్టరు మాత్రం కాదు, అది యంత్రం. లాగేది యంత్రం, మట్టిని తాకేది ఇంప్లిమెంట్ అని మేము రైతులకు వివరించేవాళ్లం. దుక్కిటెద్దుల కాలంలోనూ ఇదే లెక్క, ఎద్దుల చోటికి ట్రాక్టరు వచ్చిందంతే.

ఇంకో విషయం మనసులో ఉంచుకోలేక రాస్తున్నాను. తెల్లకోటు గారి ప్రశ్నకు నాకు తోచిన జవాబు వ్యాకరణంలో లేదు. చదువుకున్నవాడి చేతిలో ఉంటే ఇన్‌స్ట్రుమెంట్, శ్రమ చేసేవాడి చేతిలో ఉంటే టూల్ అనే అలవాటు ఇంగ్లీషులోనూ ఉంది, మనకూ ఉంది. డాక్టరుది పరికరం, వడ్రంగిది పనిముట్టు. రెండిట్లోనూ ఎన్నో ఏళ్లు నేర్చుకున్న చేతి నేర్పు ఉంటుంది. ‘ముట్టు’ అన్నది సాధనానికి మన అచ్చతెలుగు మాట, ‘పనిముట్టు’లో ఏ తక్కువతనమూ లేదు. తర్జుమా గారు విద్యార్థుల పుస్తకంలో టూల్‌కు ధైర్యంగా ‘పనిముట్టు’ అనే రాయాలని నా కోరిక.

తెల్లకోటు

నాగేటిచాలు గారి మాట నన్ను ఆలోచింపజేసింది. మీరు చెప్పిన అలవాటు నిజమే. అయినా పేరు మారడానికి కారణం అదొక్కటే కాదేమో. సంగీత వాద్యాన్నీ ఇన్‌స్ట్రుమెంట్ అంటారు. వీణ చేసే బొబ్బిలి కళాకారుడు పనసకొయ్యను తొలిచేవి టూల్స్, తొలిచాక తయారయ్యేది ఇన్‌స్ట్రుమెంట్. ఇక్కడ ఇద్దరిలో ఎవరూ తక్కువ కాదు. సున్నితంగా అదుపు చేయవలసినది, చిన్న తేడాకే ఫలితం మారిపోయేది ఇన్‌స్ట్రుమెంట్ అని నాకు తోస్తోంది. అలాగయితే ఆకురాయి గారి మైక్రోమీటరూ, మా ఫోర్సెప్సూ, వీణా ఒకే గూటికి చేరతాయి. థియేటరులో ‘పనిముట్టు’ అనే మాట మాత్రం ఎవరి నోటా నేను వినలేదు, రేపు అన్నా ఎవరికీ వెంటనే అర్థం కాదు.

శంకుకుప్పె

అపరేటస్ గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు గనుక రసాయనశాస్త్ర అధ్యాపకుడిగా నాలుగు మాటలు రాస్తాను. ప్రాక్టికల్ రికార్డులో ‘ఉద్దేశం’ తర్వాత ‘కావలసిన పరికరాలు’ అని రాయడం మనందరం బడిలో చేసినదే. ఆ శీర్షికకు ఇంగ్లీషులో అపరేటస్ అని ఉంటుంది. బ్యూరెట్, పిపెట్, శంకుకుప్పె, స్టాండు విడివిడిగా సామాను మాత్రమే. ఒక ప్రయోగం కోసం వాటిని ఒక పద్ధతిలో అమర్చినప్పుడు ఆ మొత్తం అపరేటస్ అవుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును తయారుచేసే కిప్ పరికరాన్ని చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఒకదానిపై ఒకటి ఉండే మూడు గాజు గోళాలు కలిస్తేనే అది పనిచేస్తుంది. కుళాయి మూయగానే వాయువు ఒత్తిడికి ఆమ్లం కిందికి జరిగి చర్య ఆగిపోతుంది. అందులో ఏ ఒక్క గోళాన్నీ అపరేటస్ అనలేము. అగ్నిమాపక సిబ్బంది వీపుకు తగిలించుకునే గాలి సిలిండరు, గొట్టం, ముసుగు కలిసి బ్రీతింగ్ అపరేటస్ కావడానికీ ఇదే కారణం. ప్రభుత్వాన్ని ఉద్దేశించి ఆ మాట వాడినప్పుడు మన పత్రికలు ‘యంత్రాంగం’ అంటాయి. చాలా అందమైన అనువాదం అది, భాగాలన్నీ కలిసి ఒక్కటిగా కదలడం అందులో ఉంది.

దూరతీరం

అమెరికాలో స్థిరపడిన తెలుగువాడిని. అప్లయన్స్, యుటెన్సిల్ అనే రెండు మాటలు ఇక్కడికి వచ్చాక నాకు కొత్తగా అర్థమయ్యాయి. మన దేశంలో యుటెన్సిల్స్ అంటే గిన్నెలు, తపేలాలు. ఇక్కడ భోజనశాలలో ఆ మాట అంటే చెంచా, ఫోర్కు, చాకు తెచ్చి ఇస్తారు. అప్లయన్స్ అంటే ఇంట్లో ఒక చోట స్థిరంగా ఉండి కరెంటుతోనో గ్యాసుతోనో పనిచేసే ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, పొయ్యి వంటివి. తెలుగు పత్రికల ప్రకటనల్లో వచ్చే ‘గృహోపకరణాలు’ దీనికి అచ్చంగా సరిపోతుంది. బ్రిటన్‌లో ఫైర్ అప్లయన్స్ అంటే మాత్రం అగ్నిమాపక వాహనం.

డివైస్ అంటే ఆలోచించి కల్పించినది. ఉపాయానికీ ఇంగ్లీషులో అదే మాట. వస్తువు పెద్దదా చిన్నదా, చేత్తో పట్టుకునేదా కాదా అన్నది దానికి పట్టదు. అందుకే ఫోనూ డివైసే, గుండె రక్తనాళంలో ఉండిపోయే స్టెంటూ డివైసే.

గోదారిగట్టు

దూరతీరం గారి మాటకు రెండు చేర్పులు. భారతదేశంలో 2017 నాటి మెడికల్ డివైసెస్ రూల్స్ కిందికి సిరంజి నుంచి స్కానింగ్ యంత్రం దాకా వస్తాయి. అంటే తెల్లకోటు గారు విడదీసిన ఇన్‌స్ట్రుమెంటూ ఎక్విప్‌మెంటూ రెండూ చట్టం దృష్టిలో డివైసులే. విశాఖపట్నంలోని మెడ్‌టెక్ జోన్‌లో తయారయ్యేవాటినీ ఆ పేరుతోనే పిలుస్తారు.

రెండోది, అప్లయన్స్ అనగానే ఇంటి వస్తువు అనుకోకూడదు. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో మెషినరీ నిర్వచనం చూడండి. శక్తిని పుట్టించే, మార్చే, చేరవేసే, వినియోగించే అప్లయన్సులన్నీ అందులోకి వచ్చేవి. ఇంజనూ మోటారూ అక్కడ అప్లయన్సులే. తర్జుమా గారి పుస్తకం వర్క్‌షాపు భద్రతకు సంబంధించినది కాబట్టి ఆ మాట ఈ చట్టం నుంచే వచ్చి ఉండవచ్చు. అటువంటి చోట ‘గృహోపకరణం’ అని రాస్తే పెద్ద పొరపాటు అవుతుంది.

ఆకురాయి

ఒక వ్యాకరణ విషయం మిగిలిపోయింది. మన ఊళ్లలో బోర్డుల మీద ‘ఎక్విప్‌మెంట్స్’ అని రాసి ఉంటుంది. ఇంగ్లీషులో ఆ మాటకు బహువచనం లేదు, మెషినరీకీ లేదు. మా విద్యార్థులు ఉద్యోగ దరఖాస్తుల్లో ఈ తప్పు చేస్తుంటే చూసి బాధ కలిగేది. తెలుగు ద్వారానే నేర్పించాను. సామగ్రి, సామాను, సరంజామా అంటాము, ‘సరంజామాలు’ అనము. ఎక్విప్‌మెంట్ కూడా అటువంటిదేనంటే వెంటనే పట్టుకుంటారు. టూల్స్‌ను పనిముట్లు అన్నట్టే లెక్కపెట్టవచ్చు.

2020లో కరోనా వచ్చినప్పుడు ‘పీపీఈ కిట్’ అనే మాట అందరికీ అలవాటైంది. పీపీఈలోని చివరి అక్షరమే ఎక్విప్‌మెంట్. కిట్ అంటే ఒక మనిషికి సరిపడా ఒక సంచిలో సర్ది ఇచ్చిన కట్ట. సామగ్రి మొత్తం వేరు, అందులోంచి ఒకరి వంతుగా ఇచ్చేది వేరు కాబట్టి ఆ జంట మాటలో నాకు తప్పు కనబడదు.

తర్జుమా

మీ అందరికీ కృతజ్ఞతలు. రెండు రోజులు కూర్చుని ఇరవై పేజీలూ మళ్లీ రాశాను. టూల్‌కు పనిముట్టు అని ఖాయం చేసుకున్నాను. ఇన్‌స్ట్రుమెంట్ వర్క్‌షాపులో కొలిచేదే గనుక ‘కొలత పరికరం’ అన్నాను. ఎక్విప్‌మెంట్ మొత్తంగా వచ్చినచోట సామాగ్రి, విడిగా వచ్చినచోట పరికరం. అపరేటస్ నా పుస్తకంలో ఒక్క చోటే ఉంది, అది ఊపిరి తీసుకునే అమరిక గురించి కాబట్టి ‘శ్వాస పరికరాల అమరిక’ అని రాశాను. అప్లయన్స్ వచ్చిన మూడు చోట్లూ చూశాను. గోదారిగట్టు గారు ఊహించినట్టే రెండు చోట్ల ఫ్యాక్టరీల చట్టం మాటలే ఉన్నాయి, అక్కడ ‘శక్తితో నడిచే సాధనం’ అన్నాను. మూడో చోట క్యాంటీనులోని పొయ్యి, దానికి ఉపకరణం అని ఉంచాను. డివైస్ ప్రతిచోటా ‘సేఫ్టీ డివైస్’గానే వచ్చింది. ప్రమాదం జరగకుండా చేసిన ఏర్పాటు కాబట్టి ‘రక్షణ ఏర్పాటు’ అన్నాను.

నన్ను ఆపేసిన వాక్యం ఇప్పుడిలా ఉంది: ‘పని ముగిశాక పనిముట్లను, కొలత పరికరాలను స్టోరులో అప్పగించాలి. షెడ్డు సామాగ్రిని ఆపి శుభ్రం చేయాలి.’

ఒక సందేహం మిగిలింది. స్టీల్ రూల్ కొలిచేదే గదా, దాన్ని ఏ జాబితాలో చేర్చాలి?

ఆకురాయి

అది కొలత పరికరమే. కానీ మేము దాన్ని సుత్తి, ఆకురాయిలతో పాటు మొదటి వారంలోనే విద్యార్థికి ఇచ్చేస్తాము, బీరువాలో పెట్టము. మీ పుస్తకంలో నిర్వచనాల పేజీ ఉంటే కొలత పరికరాల కింద, స్టోరు జాబితా ఉంటే పనిముట్ల సంచి కింద రాయండి.

కరణకారకం

అనువాదం చక్కగా కుదిరింది. అచ్చుకు పంపేముందు ఒక్కటి సరిచేయండి. ‘సామాగ్రి’ కాదు, ‘సామగ్రి’. మొదటి అక్షరానికే దీర్ఘం ఉంది, రెండోదానికి లేదు.

తర్జుమా

సరిచేశాను. ఇరవై పేజీల్లో పదకొండు చోట్ల ఉంది.